కూర్చున్నట్టు

గ్లాసు మళ్ళీ చేతిలోంచి జారింది. స్టీలుది కాబట్టి పగల్లేదు. తొట్టిలో పడి గిరగిరా తిరిగి ఆగింది. ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఇవాళ ఎన్నోదమ్మాయ్?"

"రెండోది అత్తయ్యా."

"అవి చేతులా, చిల్లుల గరిటెలా? ఏదీ నిలవదు."

నవ్వాను. ఆవిడ మాట ఎప్పుడూ బాగానే ఉంటుంది, నా మీద కాకపోతే. సబ్బు నురగలో వేళ్ళు కదిపి చూసుకున్నాను. చిటికెన వేలూ దాని పక్క వేలూ నావి కానట్టున్నాయి. చీమలు పాకినట్టు మొదలై మోచేతి దాకా పోతుంది. నెల రోజుల నుంచి ఇదే వరస. ఆయనతో చెప్తే పేపరు దించకుండానే అన్నారు, "సైకిలు తొక్కినవాళ్ళందరికీ చేతులు పడిపోతే ఊళ్ళో సగం మంది కుంటివాళ్ళే." చేతులు పడిపోతే కుంటివాళ్ళెలా అవుతారని నేను అడగలేదు.

కొండ మీది చిన్న క్లినిక్కులో తీసిన రక్తం గొట్టాలను పెట్టెలో పెట్టి కింద ల్యాబుకు చేర్చడం నా పని. పొద్దున్నే ఎక్కడం, పన్నెండు లోపు దిగడం. కిందటి వానలకు రోడ్డు కొట్టుకుపోయింది. మిగిలింది రాళ్ళు తేలిన మట్టిబాట. అందుకని సైకిలు.

సైకిలు మా మరిదిది. గుట్టలెక్కే రకం, లావు టైర్లు, ముందు షాకులున్నది. ఆ రకంలో అన్నిటికంటే చవకది. మూడు వారాలు తొక్కాడు, మోజు తీరింది, తెచ్చి మా మెట్ల కింద పెట్టి పోయాడు. నాకు ఈ పని దొరికినప్పుడు ఆయన, "కొత్తదెందుకు, తమ్ముడిది ఉందిగా" అన్నారు. ఉంది. మా ఇంట్లో నాకు దొరికినవన్నీ అలా ఉన్నవే. ఆడపడుచు స్వెట్టరు, అత్తగారి చెప్పులు, మరిది సైకిలు. వదులైతే పిన్నీసు పెట్టుకున్నాను. బిగుతైతే ఊపిరి తగ్గించుకున్నాను. ఏదీ నా కొలతకు లేదని ఎప్పుడూ అనిపించలేదు. నా కొలతే సరిగ్గా లేదనుకున్నాను.

అయినా ఆ పనంటే నాకు ప్రాణం. ఎందుకంటే ఆ బాట మీద నన్నెవరూ పిలవరు. ఇంట్లో నా పేరు ఒక గంటలాంటిది, ఎవరికి ఏది కావాలన్నా దాన్నే కొడతారు. తువ్వాలు కనపడకపోయినా నేనే, తలుపు చప్పుడైనా నేనే. బాట మీద అలా కాదు. నేనూ, పెట్టే, రాళ్ళూ. ఆరు గంటల సేపు నన్నెవరూ కొట్టరు.

ఆ ఆరు గంటలే ఇప్పుడు పోయేలా ఉన్నాయి.

సోమవారం ల్యాబు ఆవిడ ఒక గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. "ఇదిగో, మిషనులో తిప్పాక పైన తేలిన నీరు లేత పసుపుగా ఉండాలి. ఇది గులాబీ. దారిలో కుదిపేశావు. కణాలన్నీ చితికిపోయాయి. దీన్ని నేను చదవలేను."

"మెల్లిగానే తొక్కుతున్నానండీ."

"మెల్లిగా తొక్కితే పన్నెండు దాటుతుంది. అదీ పనికిరాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నెలలో ఇది ఆరోది. ఇంకొక్కటి ఇలా వస్తే మోటారు బండి మనిషిని పెట్టుకుంటారట, చుట్టుదారైనా సరేనని. నేను చెప్పానని అనకు."

ఆ ఆరింటిలో రెండు ఒకే మనిషివి. కొండ అవతల క్వారీలో రాళ్ళు కొట్టే ఆమె. కాళ్ళు వాచాయని, అడుగు తీస్తే ఆయాసమని వచ్చింది. కిడ్నీల పరీక్ష రాశారు. మొదటి గొట్టం గులాబీ. మళ్ళీ కబురు పెడితే ఒక పూట పని వదులుకుని, నడిచి వచ్చింది. రెండోదీ గులాబీ. నాకన్నా నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. రెండోసారి సూది గుచ్చుకుంటూ నావైపు చూసి అంది, "తోవలో నువ్వేమన్నా తాగుతున్నావా చెల్లీ?"

నర్సు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తొట్టి దగ్గర నిలబడి ఒకే గిన్నెను రెండుసార్లు తోమాను.

ఆ సోమవారం సాయంత్రం కూరగాయల సంచి హ్యాండిలుకు తగిలించుకుని సైకిలు షాపుకు వెళ్ళాను. షాపంటే ఒక రేకు, ఒక బల్ల, ఒక ముసలాయన. మాట పొదుపు మనిషి. చేతుల సంగతి చెప్పాను, గొట్టాల సంగతి చెప్పాను. ఆయన లేచి వచ్చి హ్యాండిలు మీద రెండు చేతులూ ఆనించి నొక్కాడు. కదల్లేదు. ఛాతీ ఆనించి నొక్కాడు. కదల్లేదు.

"ఎవరిది?"

"మా మరిదిది."

"బరువు?"

"నాదా?"

"ఆయనది."

"తొంభై ఉంటాడండీ."

"అదీ." చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. "చక్రానికి అటొకటి ఇటొకటి కొమ్ములు. కుడి కొమ్ము పైన ఈ రెక్క లాకు. వేసుంది. వేస్తే ఇది షాకు కాదు, కర్ర. ఎడమ కొమ్ము పైన ఈ మర. బిగిస్తే స్ప్రింగు గట్టి, వదిలిస్తే మెత్తన. చివరికంటా బిగించుంది. రాయి తగిలితే దెబ్బ ఇది తినాలి. తినట్లేదు. నీ చేతులు తింటున్నాయి."

లాకు తీశాడు. షాకుల్లో మెరిసే రెండు కడ్డీల మీది మట్టి గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, గుడ్డతో మళ్ళీ తుడిచాడు. ఒక కడ్డీకి రబ్బరు బ్యాండు బిగుతుగా చుట్టి కిందికంటా జరిపాడు. "గోడ పట్టుకుని ఎక్కి కూర్చోమ్మా. కూర్చుంటే ఎంత కుంగుతుందో ఆ రబ్బరు చెప్తుంది."

ఎక్కాను. దిగాను. రబ్బరు బియ్యపుగింజంత కూడా జరగలేదు. మర రెండు చుట్లు వదిలాడు. మళ్ళీ ఎక్కాను. అంతే. ఇంకో రెండు. అంతే. చివరికి పూర్తిగా వదిలేశాడు. మళ్ళీ ఎక్కి దిగాను. బియ్యపుగింజ. ఆయన చేత్తో నొక్కి చూశాడు. చక్కగా దిగి, చక్కగా లేచింది. స్ప్రింగు వంక చూశాడు, నా వంక చూశాడు.

"కూర్చోమ్మా."

"కూర్చున్నానండీ."

ఆయన నడుం వంచి కింద చూశాడు. నా ఎడమ కాలి మునివేళ్ళు నేలమీదే ఉన్నాయి. గోడ మీది అరచెయ్యి నా బరువంతా మోస్తోంది. నాకు తెలియనే తెలియదు.

"కూర్చోలేదు" అన్నాడు. "కూర్చున్నట్టు ఉన్నావు."

అక్కడే అలాగే ఉండిపోయాను. కాపరానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ముందుగదిలో కుర్చీలో కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకున్నాను. అత్తగారు ఏమీ అరవలేదు. "కోడలు కూర్చుంటే ఇల్లు కూర్చుంటుందమ్మాయ్" అన్నారు నవ్వుతూనే. అప్పటి నుంచి నేను కుర్చీ అంచున కూర్చోవడం నేర్చుకున్నాను. ఒక కాలు ఎప్పుడూ వంటింటి వైపు. తినేది గట్టుకు ఆనుకుని, నిలబడి. ఎవరన్నా చుట్టాలొస్తే ఆయన, "మా ఆవిడ కూర్చోగా నేను చూళ్ళేదండీ" అని మెచ్చుకోలుగా చెప్తారు. ఆ మెచ్చుకోలు కోసం ఎన్నేళ్ళు నిలబడ్డానో. పుట్టింటికి వెళ్ళినా, ఆస్పత్రి బెంచీ మీదైనా, ఆఖరికి మంచం మీదైనా, ఎవరో పిలుస్తారని ఒంట్లో ఏదో ఒక మూల సగం లేచే ఉంటుంది. పదిహేడేళ్ళు. నా బరువు నేనే ఎత్తుకుని తిరిగాను. అది అలవాటై, అదే నా ఒళ్ళనుకున్నాను. ఇంట్లోవాళ్ళు ఎవరూ చూడని సంగతి ఒక రబ్బరు బ్యాండు చూసింది.

"బరువు పెట్టు" అన్నాడు ముసలాయన. "మొయ్యడానికే చేశారు దాన్ని."

కాలు తీశాను. గోడ మీద చెయ్యి వదులు చేశాను. ముందు భాగం కిందికి జారింది. పడిపోతున్నాననుకుని కెవ్వుమన్నాను.

"కుంగుతోందండీ!"

"కుంగాలి. కుంగితేనే లేస్తుంది."

దిగాక పైకి జరిగిన రబ్బరునూ, అది మొదట ఉన్న చోటునూ చూపించాడు. మధ్యన ఖాళీ. "బొటనవేలి వెడల్పు రావాలి."

"ఎవరి బొటనవేలండీ?"

ఆయన గుడ్డ భుజాన వేసుకున్నాడు. "బండి తొక్కేది నువ్వేగా."

నా వేలు పెట్టి చూశాను. అర వెంట్రుక తక్కువ.

"చవక బండి" అన్నాడు. "ఆ స్ప్రింగు నీకింకా గట్టిదే. ఇంతకన్నా వదలదు. మూడొంతులు నీ మాట వింటుంది, అంతే."

"మూడొంతులంటే చాలా ఎక్కువండీ."

దగ్గాడో నవ్వాడో తెలియలేదు. "నీ బరువెంత?"

"తెలీదు."

"తెలుసుకో."

మర్నాడు క్లినిక్కులో రోగుల తూకం ఎక్కాను. నలభై తొమ్మిది. నర్సు చూసి, "గొట్టాలు మోసే దానివి నువ్వే గొట్టంలా ఉన్నావే" అంది. తూకం మీంచి వెంటనే దిగలేదు. ముల్లు ఆగేదాకా నిలబడ్డాను.

ఆ వారం ఒక్క గొట్టం కూడా గులాబీ రాలేదు. రాయి మీదికి చక్రం ఎక్కితే హ్యాండిలు కిందికీ పైకీ ఊపిరి తీసినట్టు కదిలేది. నేను కూర్చున్నానా, కూర్చున్నట్టు ఉన్నానా అని మాటిమాటికీ చూసుకునేదాన్ని. శుక్రవారానికి చిటికెన వేలు నాదైంది. శనివారం గ్లాసు జారలేదు. అత్తగారు కూడా గమనించారు. "గరిటె చిల్లులు పూడినట్టున్నాయే" అన్నారు.

ఆదివారం మరిది వచ్చాడు. భోజనమయ్యాక అన్నదమ్ములిద్దరూ మెట్ల దగ్గరకు వెళ్ళారు. టీ పట్టుకెళ్ళేసరికి మరిది సైకిలు మీద కూర్చుని ముందుకు ఊగుతున్నాడు.

"ఎవడో గానీ దీన్ని బాగా చెడగొట్టాడన్నయ్యా. చూడు, దూదిలా దిగిపోతోంది."

"మీ వదిన తొక్కుడుకు నట్లు వదులైపోయుంటాయి."

"అంతే." మర పట్టి కుడి వైపుకు తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో చుట్టూ నా మణికట్టులో తెలిసింది. చివరికంటా బిగించి, రెక్క కూడా లాకు వైపుకు కొట్టాడు. "ఇప్పుడు రాయిలా ఉంది వదినా. ఇంక భయం లేదు."

"అది... నేనే అలా పెట్టించాను" అన్నాను.

"నీకు తెలీదులే" అన్నారు ఆయన, టీ కప్పు అందుకుంటూ. కోపంగా కాదు. ప్రేమగానే. "నీకోసం కష్టపడ్డాడు వాడు. బిస్కట్లు లేవూ?"

బిస్కట్ల కోసం లోపలికి వెళ్ళాను. నిజానికి ఈ కథలో నేను చెప్పలేని చోటు ఇదే. మర ఎటు తిప్పాలో నాకు తెలుసు. లాకు ఏదో తెలుసు. వాళ్ళు లోపలికొచ్చాక అర నిమిషం పట్టే పని. కానీ అతని ఎదురుగా ఎలా విప్పుతాను, చిన్నబుచ్చుకుంటాడు కదా అనుకున్నాను. వెళ్ళాక చూద్దామనుకున్నాను. అతను వెళ్ళాక అంట్లున్నాయి. అంట్లయ్యాక అత్తగారి కాళ్ళకు మందు రాయడం ఉంది. సోమవారం పొద్దున ఆలస్యమైంది. ఒక మనిషి మనసు నొచ్చుకోకూడదని నేను మర్చిపోయాను. మర్చిపోయానంటే మర్చిపోయినట్టు ఉన్నాను.

ఆ సోమవారం క్లినిక్కు మెట్ల మీద క్వారీ ఆమె కూర్చుని ఉంది. మూడోసారి. కాళ్ళు ఇంకా వాచాయి, చెప్పులు చేతిలో పట్టుకుంది.

"మళ్ళీ నీ పెట్టెలోనేనా?" అంది.

"మళ్ళీ నా పెట్టెలోనే అక్కా."

"ఇంక లేదు నా దగ్గర. ఇదే ఆఖరు. దీన్నీ పోగొడితే ఆ గొట్టంలో నీదే పోసి పంపు."

నర్సుకు నరం దొరకలేదు. రెండు చోట్ల గుచ్చింది. నేను అటు చూడలేదు. పెట్టె హ్యాండిలు ముందు కట్టుకుని బయల్దేరాను. పావు మైలు నున్నగా ఉంటుంది. కల్వర్టు దాటితే రాళ్ళు. కల్వర్టు దగ్గర మొదటి రాయి తగలగానే దెబ్బ సూటిగా మోచేతికి వచ్చింది. బ్రేకు వేసి దిగాను.

పదకొండూ ఇరవై. నడిపించుకుపోతే పన్నెండు దాటుతుంది. ఇలాగే తొక్కితే గులాబీ. పెట్టె విప్పి కల్వర్టు గోడ నీడలో పెట్టాను. రెక్క లాకు తీశాను. మర గట్టిగా ఉంది. తొంభై కిలోల మనిషి బిగించింది. వేళ్ళు జారాయి, చెమట. చున్నీ చుట్టి పట్టి ఎడమకు తిప్పాను. కదల్లేదు. ఎవరూ లేని ఆ బాట మీద మొదటిసారి గట్టిగా ఒక బూతు తిట్టాను. కదిలింది. అది వదిలేదాకా తిప్పుతూనే ఉన్నాను.

రబ్బరు కిందికి జరిపి, కల్వర్టు గోడ పట్టుకుని ఎక్కాను. నేల వంక చూసే ముసలాయన లేడు. నా కాళ్ళు నేనే చూసుకున్నాను. ఎడమ మునివేళ్ళు మళ్ళీ నేలమీదే. సిగ్గేసింది. తీశాను. బండి నన్ను తీసుకుని కుంగింది. దిగి బొటనవేలు పెట్టి చూశాను. అర వెంట్రుక తక్కువ.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా ల్యాబులో ఉన్నాను. గొట్టం తిప్పి తీసేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆవిడ వెలుతురుకు పట్టింది.

"లేత పసుపు" అంది. "బంగారంలా ఉంది."

పని నిలబడింది. ఏడుపొచ్చింది.

బుధవారం కాగితం చేతికిస్తూ ల్యాబు ఆవిడ నా మొహం చూడలేదు. "బాగా ముదిరింది. పెద్దాస్పత్రికి పంపాలి, రక్తం మిషను మీద శుభ్రం చెయ్యాలి, వారానికి రెండుసార్లు. నెల కిందటిది చదవగలిగి ఉంటే..." అని ఆగి, వేరే గొట్టం అందుకుంది.

ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టుకుని కొండెక్కాను. కాగితానికి కుదుపు లేదు. అయినా రాయి రాయికీ మెల్లిగా పోయాను.

ఆమె వరండా బెంచీ మీద ఉంది. నన్ను చూడగానే లేచింది. "ఈసారి బాగా వచ్చిందా చెల్లీ, నా రక్తం?"

"బాగా వచ్చిందక్కా."

"చూశావా! నా రక్తం మంచిదే. నీ బండే దొంగది." నర్సు వైపు తిరిగి గొప్పగా నవ్వింది. డాక్టరు పిలిచేదాకా మళ్ళీ కూర్చుంది. బెంచీ చివర, ఒక పక్కకు ఒరిగి. వాచిన కాలు ఒకటి ముందుకు పెట్టి, మునివేళ్ళు నేలకు ఆనించి.

"వెనక్కి జరిగి సరిగ్గా కూర్చో అక్కా."

"కూర్చునే ఉన్నాగా" అంది.

డాక్టరు గదిలోంచి పిలుపు వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళింది. లోపల తలుపు మూసుకుంది. నెల రోజులు. ఒక రెక్కా, ఒక మరా. వాటిని బిగించినవాళ్ళకు ఈ ఆడమనిషి ఉందని కూడా తెలియదు. నాకు తెలుసు. తెలిసి బిస్కట్లు తెచ్చాను.

తర్వాతి ఆదివారం మరిది మళ్ళీ వచ్చాడు. భోజనాలయ్యాయి. మెట్ల దగ్గర సైకిలు మీద చెయ్యి వేసి, "మళ్ళీ వదులైపోయిందే దీని దుంపతెగ" అని మర పట్టుకున్నాడు. నేను చేతులు తుడుచుకుని బయటికి వచ్చాను.

"దాన్ని ముట్టుకోకు" అన్నాను. "అది నా బరువుకు పెట్టుంది."

మరిది చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన నవ్వారు. "నీ బరువా? నీకో బరువు కూడానా! ఎంతేమిటి?"

"మీరు చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. నన్ను పైనుంచి కిందికి చూశారు, పదిహేడేళ్ళలో మొదటిసారి తూకం వేస్తున్నట్టు.

"నలభై తొమ్మిది" అని చెప్పి లోపలికి వచ్చాను. ముందుగదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను. వెనక్కి జరిగాను. కుర్చీ కిర్రుమంది. గోడవారన పీట అంచున కూర్చుని ఉన్న అత్తగారు నావైపు చూశారు. ఆవిడ కాలొకటి వంటింటి వైపు ఉంది. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా అలాగే ఉందని నాకప్పుడే కనపడింది.

బయటినుంచి ఆయన పిలిచారు. "ఏమోయ్, మంచినీళ్ళు!"

అత్తగారి కాలు కదిలింది.

"కూర్చోండి అత్తయ్యా" అన్నాను. నా రెండు కాళ్ళూ నేలమీంచి తీసి పైకి పెట్టుకున్నాను.